స్టోరు చూసేవారి జీతం

మా మామగారికి లాభం అనే మాట పలకాలంటే సిగ్గు. ముప్పై ఏళ్ళుగా ఇళ్ళు కడుతున్న మేస్త్రి ఆయన. రెండంతస్తుల పైన పరంజా చివర నిలబడి కిందున్నవాణ్ణి ఏడు తరాలు కలిపి తిట్టగలరు. అలాంటి మనిషి, "ఈ పనిలో నీకేం మిగుల్తుంది మేస్త్రీ?" అని ఎవరైనా అడిగితే చాలు, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అయిపోతారు. "ఏముంటుంది సార్, కూలి గిట్టితే చాలు," అంటారు. అది అబద్ధమని ఆయనకు తెలుసు, అడిగినవాడికి తెలుసు, పక్కన టీ తాగుతున్నవాడికీ తెలుసు.

మరి లాభం ఎక్కడుంటుంది? సిమెంటులో ఉంటుంది. ఐదు వందల బస్తాలు పట్టే పనికి ఐదు వందల అరవై అని రాస్తారు. ఇసుక ఒక లోడు ఎక్కువ రాస్తారు. ఊచలకి తరుగు అని ఇంకొంచెం కలుపుతారు. ఓనర్లు మాత్రం తక్కువ తిన్నారా? బస్తాల్లో దాచారని తెలుసు కాబట్టి వాళ్ళు రేటు దగ్గర గీకుతారు. గీకుతారని తెలుసు కాబట్టి వీళ్ళు ఇంకో పది బస్తాలు కలుపుతారు. అందరూ శాకాహారులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. ఈ తంతుకి మా వృత్తిలో ఎస్టిమేటు వెయ్యడం అని పేరు.

ఈ ఇంటికి కోడలిగా రాకముందు నేను ఒక ఇంజినీరు ఆఫీసులో ఐదేళ్ళు ఎస్టిమేట్లు వేశాను. అక్కడ పద్ధతి వేరు. సామాను ఇంత, కూలి ఇంత, రెండూ కలిపితే అసలు ఖర్చు. దాని కింద ఓవర్‌హెడ్ అని ఒక లైను. ఫలానా గోడకి అయ్యిందని చూపించలేనివి, అవి లేకపోతే ఏ గోడా లేవనివి అందులోకి వస్తాయి. ఫోను, గోడౌను అద్దె, కాపలా, పనిముట్ల రిపేర్లు, మనిషికి దెబ్బ తగిలితే పనికొచ్చే ఇన్సూరెన్సు, మొదటి వానకి ఎక్కడైనా కారితే మళ్ళీ వెళ్ళి చూసి రావడం. దాని కింద లాభం. దాచడానికేం లేదు. పెళ్ళయ్యాక మామగారి ఎస్టిమేటు పుస్తకం మొదటిసారి తిరగేసినప్పుడు, ఇది లెక్కల పుస్తకమా, దాగుడుమూతలా అనిపించింది. ఆ మాట పైకే అన్నాను. నా నోరు అలాంటిది.

రెండేళ్ళ కిందట ఆ దాగుడుమూతల్లో మేమే దొరికిపోయాం. ఒక బట్టల షాపు ఓనరు తన షాపు మీద ఇంకో అంతస్తు వేయించాలనుకున్నాడు. మామగారు అలవాటు ప్రకారం సిమెంటులో అరవై బస్తాలు ఎక్కువ రాసి, కూలి మాత్రం అసలు రేటుకే చూపించారు. అతను కాగితం అటూ ఇటూ తిప్పి, "మేస్త్రీ, ఈ లిస్టు ప్రకారం సామాను నేనే కొనిస్తా. నువ్వు కూలికి చేసిపెట్టు," అన్నాడు. అయిపోయింది. కూలిలో మాకేమీ లేదు, మా బతుకంతా ఆ బస్తాల్లోనే ఉంది అని ఎలా చెప్తారు? కక్కలేక మింగలేక మామగారు ఒప్పుకున్నారు. నాలుగు నెలలు ఉత్తపుణ్యానికి కట్టాం. పనివాళ్ళ కూలి ఏ శనివారమూ ఆగలేదు. మా ఇంటి ఖర్చు మాత్రం నా పాత జీతంలో దాచుకున్న డబ్బుతో నడిచింది. చివర్లో అరవై బస్తాలు మిగిలిపోయి, అతని పెరట్లో వానకి తడిసి రాళ్ళయ్యాయి. ఆ రాళ్ళ పక్కన మామగారిని నిలబెట్టి, నలుగురి ముందూ, "ఇదీ నీ దొంగ లెక్క," అన్నాడు.

మామగారు నేర్చుకున్న పాఠం ఏమిటంటే, ఈసారి ఇసుకలో దాచాలి. ఇసుక గడ్డకట్టదు కదా.

గోడౌను సంగతి కూడా చెప్పాలి. మాకు గోడౌను లేదు, మా ఇంటి ముందు గదే గోడౌను. చెక్కల మీద నలభై, యాభై బస్తాల సిమెంటు గోడంత ఎత్తున పేర్చి ఉంటుంది. మిగిలిన చోట పారలు, గమేళాలు, తాళ్ళు, టైల్సు కోసే మిషను, కాంక్రీటు దట్టించే వైబ్రేటరు. దాని వెనక మధ్య గది, రెంటికీ నడుమ ఒక కర్టెను. ఆ కర్టెను పక్కనే మా అత్తగారి మంచం.

పొద్దున ఆరింటికి మొదటి పనివాడు తలుపు కొడతాడు. అత్తగారు లేచి, అడిగింది ఇచ్చి, నోటు పుస్తకంలో సంతకం పెట్టించుకుంటారు. ఏ పారకి పిడి వదులైందో, ఏ తాడు ఎక్కడ పీచులేచిందో ఆవిడకి తెలుసు. ఇసుక లారీల వాళ్ళు ఫోన్ చేసేది ఆవిడకే. శనివారం కూలి డబ్బులు మనిషి మనిషికీ వేరుగా కట్టి పెట్టేది ఆవిడే. పనిముట్లు పోయాయని మామగారు అరిస్తే, అవి ఎవరింట్లో ఉన్నాయో చెప్పేదీ ఆవిడే. ముప్పై ఏళ్ళు ఇది పని అని ఎవరూ అనలేదు, ఆవిడతో సహా.

రెండేళ్ళుగా ఆవిడకి దగ్గు. పోయిన ఏడు డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకి పట్టుకుని చూసి, "ఆ ఇంట్లో సిమెంటైనా ఉండాలి, మీరైనా ఉండాలి. రెండూ కుదరవు," అన్నాడు. మెట్లు దిగుతూ మామగారు, "వచ్చే పని రాగానే గోడౌను అద్దెకి తీసుకుందాం," అన్నారు. వచ్చే పని ఆ తర్వాత మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ బేరంలో పోయింది ఆ అద్దె డబ్బే. అత్తగారు కర్టెను అంచు మంచం కిందికి దోపి పడుకోవడం మొదలుపెట్టారు.

ఇక మా ఆయన. సైట్లో ఉంటారు, మంచివారు, మాటలు తక్కువ. ఈ కథలో ఆయన పని బస్తాలు మొయ్యడం.

నాలుగో పని పెద్దది. ఇరవై నాలుగు ఫ్లాట్ల పాత బిల్డింగు. కింద కార్లు పెట్టే చోట స్తంభాలు బీటలిచ్చాయి. వాటి చుట్టూ కొత్త ఊచలు కట్టి కాంక్రీటు తొడుగు వెయ్యాలి. పైన డాబా కారుతోంది. బయట ప్లాస్టరింగ్ పెచ్చులూడింది. నాలుగు నెలల పని. ఫ్లాట్ల వాళ్ళ సంఘానికి ప్రెసిడెంటు ఒక రిటైరైన ఆఫీసరు. పాల బిల్లు దగ్గర్నుంచి పెయింటు బిల్లు దాకా దేన్నీ కోత పెట్టకుండా వదలడని ఆ బిల్డింగులో ఆయన్ని కత్తెర అంటారు. మేమూ అలాగే అన్నాం.

ఈ ఎస్టిమేటు నేను వేస్తానన్నాను. గదిలో దగ్గు వినబడుతుండగా మూడు రోజులు కూర్చుని, కొలతలన్నీ రెండుసార్లు చూసుకుని వేశాను. బస్తాలు ఎన్ని పడతాయో అన్నే రాశాను. సామాను, కూలి కలిపి ఇరవై లక్షలు. ఓవర్‌హెడ్ పన్నెండు శాతం, రెండు లక్షల నలభై వేలు. లాభం ఎనిమిది శాతం, లక్షా అరవై వేలు. మొత్తం ఇరవై నాలుగు లక్షలు.

మామగారు కళ్ళద్దాలు పెట్టుకుని చదివారు. తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు.

"ఇదేంటమ్మాయ్?"

"ఓవర్‌హెడ్డూ లాభమూ మావయ్యా."

"అది కనబడుతోంది. ఇంత లావు అక్షరాలతో ఎందుకు కనబడుతోంది అంటున్నా."

"మిగతావి ఎంత లావున్నాయో ఇవీ అంతే ఉన్నాయి."

వెనక పేజీ తిప్పారు. ఓవర్‌హెడ్‌లో ఏమేం ఉన్నాయో అక్కడ రాశాను. వేలు పెట్టుకుంటూ కిందికి వచ్చి ఒక చోట ఆగిపోయారు. "స్టోరు చూసేవారి జీతమా? మనకి స్టోరు చూసేది ఎవరు?"

"మీకు తెలీదా మావయ్యా?"

అత్తగారి చెవులు పాము చెవులు. కర్టెను తొలగించుకుని వచ్చేశారు. "ఎవర్నే పెట్టారు? నాకొక మాట చెప్పొద్దూ? ఆ నోటు పుస్తకం ఎవరికి పడితే వాళ్ళకి అర్థం కాదు."

"మిమ్మల్నే పెట్టాం అత్తయ్యా."

ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు. నాకా, జీతమా, అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వారు. నవ్వు కాస్తా దగ్గులోకి దిగింది. తలుపు పట్టుకుని వంగిపోయారు. నేను నీళ్ళిచ్చి వీపు రాస్తుంటే మామగారు గోడకేసి చూస్తూ నిలబడ్డారు.

దగ్గు తగ్గి ఆవిడ లోపలికి వెళ్ళాక, "ఇంటావిడకి జీతమేంటమ్మాయ్? నలుగురూ వింటే నవ్వుతారు," అన్నారు, గొంతు తగ్గించి.

"నవ్వనివ్వండి. ముప్పై ఏళ్ళు దగ్గు విన్నాం, కాసేపు నవ్వు విందాం." దగ్గు రెండేళ్ళ నుంచే. కోపంలో ఉన్నప్పుడు నేను కూడా బస్తాలు ఎక్కువే రాస్తాను.

"ఇవన్నీ ప్లాస్టరింగ్‌లో కలిపెయ్. అడగను."

"కలపను."

"అయితే నీ కాగితం, నీ నోరు. మీటింగులో నువ్వే మాట్లాడుకో. నేను వెనక కూర్చుంటా."

ఆదివారం పదకొండింటికి మీటింగు. కార్ల మధ్య ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఇరవై మంది దాకా వచ్చారు. వాళ్ళు కూర్చున్న చోటే ఒక స్తంభం మూలలు ఊడిపోయి, లోపలి ఊచలు తుప్పు పట్టి బయటికి చూస్తున్నాయి. ఎవరో దానికి సైకిలు ఆనించారు. కత్తెర జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, మా కాగితం అందరికీ వినబడేలా చదివాడు. ఇసుకా కంకరా చదువుతున్నంతసేపూ ఎవరూ కదల్లేదు. చివరికి వచ్చాక ఆయన గొంతులో హుషారొచ్చింది.

"లాభం. ఎనిమిది. శాతం." ఒక్కో మాటా విడివిడిగా పలికి, కళ్ళద్దాల మీదుగా వెనకున్న మామగారిని చూశాడు. "మేస్త్రీ, మీ కోడలు కడుపులో ఉన్నదంతా కాగితం మీద పెట్టేసిందే!"

అందరూ నవ్వారు. మామగారు కూడా నవ్వబోయి మానుకున్నారు.

"దాచుకోవడానికేం లేదు సార్," అన్నాను.

"ఇంకేం, పని తేలికైంది. ఈ పైన వేసిన ఇరవై శాతం తీసేద్దాం. మిగతాదానికి మాకేం అభ్యంతరం లేదు." ఫోనులో లెక్క కట్టి, ఇరవై నాలుగు లక్షలు కొట్టేసి, పంతొమ్మిది లక్షల ఇరవై వేలు అని రాసి చుట్టూ సున్నా చుట్టాడు. ముందు వరసలో ఒకాయన భేష్ అన్నాడు.

"ఆ అంకె ఎలా వచ్చింది సార్?"

"ఇరవై నాలుగు లక్షల్లో ఇరవై శాతం నాలుగు లక్షల ఎనభై వేలు. తీసేస్తే ఇంత. లెక్క లెక్కే కదమ్మా."

"నేను కలిపింది ఇరవై లక్షల మీద. నాలుగు లక్షలే కలిపాను. మీరు తీసింది ఇరవై నాలుగు లక్షల మీద. నేను వెయ్యని ఎనభై వేలు కూడా కోసేశారు. అంటే లాభం సంగతి దేవుడెరుగు, సిమెంటుకీ కూలికీ ఎనభై వేలు మా జేబులోంచి పెట్టి మీ బిల్డింగు నిలబెట్టాలి."

మూడో అంతస్తులో ఉండే లెక్కల టీచరు ఒకావిడ పక్కావిడ చేతిలోంచి ఫోను లాక్కుని లెక్క కట్టి, "ఆ అమ్మాయి చెప్పింది కరెక్టే," అంది. ఈసారి నవ్వు అటు తిరిగింది. కత్తెర చెవులు ఎర్రబడ్డాయి. సున్నా చుట్టిన అంకె కొట్టేసి ఇరవై లక్షలు అని రాశాడు.

"సరే, ఇరవై. అసలు ఖర్చు ఎంతో నువ్వే రాశావుగా. అంతా ఇస్తాం. ఇంక గొడవేంటి?"

వెనక మామగారి కుర్చీ కిర్రుమంది. నేను చెప్పలేదా అని ఆ కుర్చీ అన్నట్టే వినబడింది నాకు. నిజం రాసిస్తే జరిగేది ఇదే. మన ఖర్చెంతో మన చేతే చెప్పించుకుని, సరిగ్గా అక్కడ ఆగమంటారు.

"ఓవర్‌హెడ్ ఏది సార్?"

"దేనికమ్మా ఓవర్‌హెడ్? మీకో ఆఫీసుందా, బోర్డుందా? నేను వచ్చి చూశాగా, సామానంతా మీ ముందు గదిలోనే పెట్టుకున్నారు. సొంత ఇంట్లో గదికి అద్దేంటి?"

నాకు ఒళ్ళు మండింది. ఆ గది పక్కన ఒక మనిషి ఉందనీ, ఆ దుమ్ము ఆవిడ గుండెల్లోకి పోతోందనీ చెప్పబోయాను. కానీ వాళ్ళ ముందు అత్తగారి దగ్గు బేరానికి పెట్టబుద్ధి కాలేదు.

"మీరు కరెంటాఫీసులో చేశారు కదా సార్?"

"ముప్పై రెండేళ్ళు. అయితే?"

"ఆ ముప్పై రెండేళ్ళూ మీరు కూర్చున్న కుర్చీ, మీ నెత్తి మీద ఫ్యాను, మీ బల్ల మీదికి ఫైళ్ళు మోసిన మనిషి జీతం, ఇవాళ మీకొచ్చే పెన్షను, ఇవన్నీ ఎవరు కట్టారు? మేం కట్టాం, మా కరెంటు బిల్లులో. మీరు స్తంభం ఎక్కలేదు, తీగ లాగలేదు. అయినా కరెంటుకి మాత్రమే కడతాం, లోపల కూర్చున్న సారు కుర్చీకి కట్టం అని మేం ఏనాడైనా అన్నామా?"

కత్తెర పెన్ను మూత పెట్టాడు. ఆయన తెలివితక్కువవాడు కాదు. అందరికీ టీలు చెప్పి, నన్నూ మామగారినీ ఒక కారు వెనక్కి తీసుకెళ్ళాడు.

"చూడమ్మా, నీ మాట నాకర్థమైంది. ఇరవై నాలుగు ఇప్పిస్తా. పూర్తిగా. కానీ ఆ రెండు లైన్లు వద్దు. సిమెంటులో కలిపి రాసుకురా. మా వాళ్ళు బస్తాలంటే ఇస్తారు, లాభమంటే ఇవ్వరు. మేస్త్రికి తెలుసులే ఈ పద్ధతి."

మామగారి మొహం వెలిగిపోయింది. "సరే అనెయ్ అమ్మాయ్," అన్నారు, నా మోచెయ్యి తడుతూ.

అబద్ధం ఎందుకు చెప్పాలి, నా నాలుక చివరిదాకా సరే వచ్చింది. అడిగిన డబ్బు అడిగినట్టు ఇస్తున్నాడు. మర్నాడే గోడౌను దొరుకుతుంది, అత్తగారు కర్టెను దోపుకోకుండా పడుకుంటారు. రెండు లైన్ల కోసం అదంతా కాదనుకోవడం పొగరు కాదా? అవును, కొంత పొగరే. కానీ రాళ్ళయిన అరవై బస్తాలు కూడా కళ్ళ ముందు కదిలాయి.

"మూడు స్తంభాలు అయ్యాక, సిమెంటు మేమే కొంటాం అంటే?"

"అలా ఎందుకంటాం?"

"అనం అని రాసిస్తారా?"

ఆయన టీ తెచ్చేవాడి కోసం అటు చూశాడు.

"లేని బస్తాలు ఉన్నట్టు నా చేత్తో రాసిన కాగితం మీ దగ్గర ఉంటుంది సార్. ఆ తర్వాత నేను తెచ్చే ప్రతి బిల్లుకీ దాన్ని తీసి చూపిస్తారు. నేను దొంగలా నిలబడాలి. మా మామగారు ఒకసారి అలా నిలబడ్డారు. చాలు. ఇవ్వాలనుకుంటే ఆ రెండు లైన్లూ ఉండగానే సంతకం పెట్టండి. లేకపోతే ఇంకొకళ్ళని చూసుకోండి."

ఎర్ర గీతల కాగితం ఆయన చేతిలోనే వదిలేసి బయటికి నడిచాను. గేటు దాటాక మామగారు నన్ను అందుకున్నారు.

దారిలో మామగారు ఒక్కసారే మాట్లాడారు. "పని పోయింది. గోడౌనూ పోయింది. మీ అత్తయ్యకి నువ్వే చెప్పు." అందులో అన్యాయమేమీ లేదు.

అత్తగారు మంచం మీద కూర్చుని తాళ్ళు చుట్టలు చుడుతున్నారు. జరిగిందంతా చెప్పాను. కరెంటాఫీసు కుర్చీ మాట దగ్గర ఆవిడ పెదవులు కదిలితే నాకు ధైర్యమొచ్చింది. "కోపం తెచ్చుకోకండి అత్తయ్యా. వచ్చే పని రాగానే..." అంటూ ఆగిపోయాను. ఆ మాట ఎవరిదో నాకు గుర్తొచ్చింది. ఆవిడకీ గుర్తొచ్చింది.

తాడు పక్కన పెట్టారు.

"నువ్వు కూడానా? ముప్పై ఏళ్ళు ఈయన నన్ను సిమెంటులో కలిపేశారు. నువ్వొచ్చి బయటికి తీసి కాగితం మీద పెట్టావు. బాగానే ఉంది. పెట్టి ఎవర్నడిగావు? ముక్కూ మొహం తెలీనివాళ్ళని. మా అత్తయ్య ఊపిరి పీల్చుకోవచ్చా సార్ అని. వాళ్ళు కాదంటే నేను దగ్గుతూ కూర్చోవాలా? సిమెంటు వాళ్ళదా? మనది. దాన్ని పెట్టుకునే చోటుకి ముందు మనం కట్టాలి, ఆ తర్వాత వాళ్ళ దగ్గర రాబట్టుకోవాలి. ఐదేళ్ళు ఆ ఇంజినీరు దగ్గర ఏం నేర్చుకున్నావే?"

మా ఇంజినీరు మొదటి రోజే చెప్పాడు. ఓవర్‌హెడ్ అంటే ఎవరు ఇచ్చినా ఇవ్వకపోయినా అయ్యే ఖర్చు. ఇవ్వలేదని అది ఆగదు, ఇంట్లో ఎవరో ఒకరు కడుతూనే ఉంటారు. ఆ పాఠం నాకు లెక్కల్లో వచ్చు. ఇంట్లో రాలేదు.

అత్తగారు లేచి చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకున్నారు. "ఒరేయ్," అని కొడుకుని కేకేశారు. "చొక్కా విప్పు. ఈ బస్తాలన్నీ బయట పెట్టు."

మా ఆయన తల్లి మొహం చూశారు, తండ్రి మొహం చూశారు, చొక్కా విప్పారు. ఒక్కో బస్తా భుజానికెత్తుకుని ఇంటి ముందు మెట్ల పక్కన, రోడ్డు అంచున పేర్చడం మొదలుపెట్టారు. పదో బస్తాకి మామగారు అడ్డం వచ్చారు.

"ఏమిటే ఇది? రోడ్డు మీద సిమెంటా? తడిస్తే?"

"తడిస్తే మీ సిమెంటు తడుస్తుంది. తడవకూడదంటే సాయంత్రం లోపు చోటు చూసుకోండి."

"డబ్బో?"

"నన్నడుగుతారేం? నాకేమైనా జీతముందా?"

మామగారు ఇంకేదో అనబోయారు. అటుగా వెళ్తున్న ఇద్దరు ఆగి చూస్తున్నారు. ఆవిడ మూతికి తువ్వాలు కట్టుకుని చీపురు అందుకున్నారు. నేను చీపురు లాక్కుని ఆవిడని వెనక పెరట్లోకి పంపించేశాను. మామగారు చెప్పులు వేసుకుని బయల్దేరారు.

నాలుగింటికి తాళంచెవితో తిరిగొచ్చారు. రెండు వీధులవతల మూతపడ్డ ప్రింటింగ్ ప్రెస్సు వెనక గది. కొత్త కాంక్రీటు మిక్సరు కోసం దాచిన డబ్బులోంచి మూడు నెలల అద్దె కట్టేసి వచ్చారు. డబ్బు ఉంది మరి. ఇన్నేళ్ళలో ఏదో ఒక డబ్బాలో, ఏదో ఒక మిషను కోసం ఎప్పుడూ ఉండే ఉంటుంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈ ఇంట్లో అమ్మే అడగాల్సి వచ్చింది.

నలభై రెండు బస్తాలూ వెళ్ళిపోయాక, గది కడిగితే మూడు బకెట్ల బూడిద నీళ్ళు వచ్చాయి. బస్తాలు పేర్చి ఉన్న గోడకి ఒక కిటికీ బయటపడింది. ఆరేళ్ళుగా ఆ ఇంట్లో ఉన్నాను, అక్కడ కిటికీ ఉందని నాకు తెలీదు. మా ఆయన సుత్తితో కొడితే తలుపులు ఊడొచ్చాయి.

సాయంత్రం లెక్కల టీచరు ఫోన్ చేసింది. మేం వచ్చేశాక పెద్ద గొడవైందట. ఆ రెండు లైన్లు ఉంటే ఏమిటి అన్నవాళ్ళు సగం మంది తేలారట. "ఎర్ర గీతలు లేని కాపీ ఇంకోటి పంపండి. ఆయన సంతకం పెడతాడో లేదో మాత్రం నేను చెప్పలేను," అంది.

కొత్త కాపీ రాయడానికి కడిగిన గదిలోనే నేల మీద కూర్చున్నాను. అత్తగారు కిటికీ దగ్గర కుర్చీ వేసుకున్నారు. మామగారు గుమ్మంలో కూర్చుని కాళ్ళు ఒత్తుకుంటున్నారు. వెనక పేజీకి వచ్చేసరికి అత్తగారు అడిగారు. "సైట్లో వాచ్‌మన్‌కి నెలకెంత వేశావే?"

"తొమ్మిది వేలు అత్తయ్యా."

"స్టోరు చూసేవారికి?"

కాగితం ఆవిడకి కనబడకుండా జరపాలనిపించింది. "నాలుగు."

"ఓహో. వాడు రాత్రంతా బస్తాల మీద పడుకుని గుర్రు పెడతాడే."

ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. మూడు రోజులు కూర్చుని, ప్రతి కొలతా రెండుసార్లు చూసుకుని వేసిన ఎస్టిమేటు అది. ఆ నాలుగు వేలు ఎక్కణ్ణుంచి వచ్చాయో నాకే తెలీదు. ఇంట్లో మనిషే కదా అని చెయ్యి దానంతటదే రాసేసింది.

"ఎంత రాయమంటారు?" అన్నాను. ఆవిడని అలా అడగడం అదే మొదటిసారి.

"పదకొండు."

మామగారు కాళ్ళు ఒత్తుకోవడం ఆపి నా వైపు చూశారు. నేను ఆయన్ని చూశాను. "ఆవిడ చెప్పింది రాయమ్మాయ్," అన్నారు.

నాలుగు కొట్టేశాను. పదకొండు రాయబోతుంటే నా చెయ్యి ఆగింది. మరీ ఎక్కువైపోదూ, ఇంత చూస్తే సంతకం పెట్టరేమో అనిపించింది. పొద్దున కార్ల మధ్య నిలబడి అంత మాట్లాడినదాన్ని, అత్తగారి అంకె దగ్గరికి వచ్చేసరికి నేనే కత్తిరించబోయాను. ఆవిడ చూస్తూనే ఉన్నారు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. పదకొండు వేలు రాసి, నాలుగు నెలలకి హెచ్చించి, కింద మొత్తం మార్చాను. పన్నెండు శాతం ఓవర్‌హెడ్ పదమూడు పాయింట్ నాలుగైంది.